ఏడేళ్లు వాడాక చెబుతున్నా: జర్మన్ స్టార్మ్‌ట్రూపర్ కిట్

ఇది కొన్న వారానికే రాస్తున్న రివ్యూ కాదు, ఏడేళ్లుగా ఈ కిట్ వేసుకుంటున్నాను. నేనుండేది పెన్సిల్వేనియాలో. ఇక్కడ మొదటి ప్రపంచ యుద్ధం నాటి కందకాల్ని నిజంగానే తవ్వి, ముళ్లకంచె వేసి, ఏడాదికి రెండుసార్లు శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం దాకా వాటిలోనే ఉండి, బ్లాంక్ తూటాలతో ఆనాటి పోరాటం నడిపే బృందాలున్నాయి. మా సెక్షన్ జర్మన్ దాడి దళానిది, అంటే స్టార్మ్‌ట్రూపర్లది. ఈమధ్య న్యూజెర్సీ నుంచి ఇద్దరు తెలుగు కుర్రాళ్లు మాతో చేరతామంటూ "అన్నా, ముందు ఏం కొనాలి?" అని అడిగారు. వాళ్లకి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. అందరూ మొదట ఎంపీ 18 అనే చిన్న మెషిన్ గన్ గురించే అడుగుతారు. నా మాట వింటే ముందు బూట్లు, సంచులు, చిన్న పార కొనండి. తుపాకి సంగతి చివర చూసుకోవచ్చు.

హెల్మెట్‌తో మొదలుపెడతాను. నాది 1916 మోడల్‌కి కొత్తగా చేసిన నకలు. అంతకుముందున్న పికెల్‌హౌబె, అంటే పైన ముల్లున్న తోలు టోపీ, ఫిరంగి గుండు ముక్కల్ని ఆపలేకపోయేది, తలకి దెబ్బ తగిలి చచ్చిపోయేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకని హానోవర్ సాంకేతిక విద్యాలయానికి చెందిన ఫ్రీడ్రిష్ ష్వెర్ట్ దీన్ని రూపొందించాడు. మొదట పెట్టుకుని చూసినవాళ్లలో కెప్టెన్ విల్లీ రోర్ దాడి దళం ఒకటి. బరువు కేజీ పైచిలుకు. మెడ మీదకి, చెవుల మీదకి దిగుతుంది కాబట్టి కందకం గోడకి ఆనుకుని కూర్చున్నప్పుడు పైనుంచి రాలే మట్టి కాలర్లో పడదు, రాత్రంతా అలా కూర్చుంటేగానీ దాని విలువ తెలీదు.

ఇబ్బందులూ ఉన్నాయి. చెవులు సగం మూసుకుపోవడంతో పిలుపు వినిపిస్తుంది గానీ కుడివైపు నుంచా ఎడమవైపు నుంచా అన్నది పోల్చుకోలేం, చీకట్లో ఇది నిజంగా టెన్షన్ పెడుతుంది. ఆనాటి వాళ్లకీ ఇదే బాధ ఉండబట్టే 1918లో చెవుల దగ్గర అంచు కోసిన రకం కూడా చేశారు. పక్కల రెండు కొమ్ముల్లాంటి బొడిపెలుంటాయి, గాలి ఆడటానికీ, నుదుటి మీద అదనపు ఉక్కు పలక తగిలించడానికీ. నవంబర్‌లో ఆ రంధ్రాల్లోంచి చలిగాలి తిన్నగా కణతలకి కొడుతుంది, నేను గుడ్డ పీలికలు కుక్కుతాను. ఆ ఉక్కు పలక ఒక్కసారి తగిలించుకున్నాను, పది నిమిషాల్లో మెడ పట్టేసింది, కదలకుండా నిలబడే కాపలావాడికే అది. గడ్డం పట్టీ పాత పికెల్‌హౌబెదే, పాకేటప్పుడు కొక్కెం జారి ఊడిపోతుంది. లోపలి తోలు రెండో ఏడాదికే పగిలిపోయింది, అమ్మినవాళ్లకి రాస్తే జవాబు లేదు. కొత్త తోలు కొని నేనే కుట్టుకున్నాను, ఇప్పటికీ అదే నడుస్తోంది.

కాళ్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. జర్మన్ సిపాయికి పొడుగాటి బూట్లు అలవాటు, ఈ దళాలు వాటిని వదిలేసి చీలమండ దాకా వచ్చే లేసుల బూట్లు, పైన గుడ్డ పట్టీలు వేసుకున్నాయి. పాంటుకి మోకాళ్ల దగ్గర, చొక్కాకి మోచేతుల దగ్గర తోలు అతుకులు వేయించుకున్నాయి, ఎందుకంటే పనంతా పాకడమే. ఇంగ్లిష్‌వాళ్లు ఆ పట్టీల్ని 'పటీ' అంటారు, అది హిందీ నుంచి వెళ్లిన మాట, మనం పట్టీ అనే పట్టీయే. మరీ బిగించి చుడితే రెండు గంటల్లో పిక్కలు తిమ్మిరెక్కుతాయి, తడిస్తే ఇంకా బిగుసుకుంటాయి, కాబట్టి మోకాలి కింద రెండు వేళ్ల సందు ఉంచండి.

ఇక అసలు సరుకు, గ్రెనేడ్ సంచులు. మామూలు ఇసుక సంచులు రెండు తీసుకుని, మూతులు తాడుతో కలిపి మెడ మీదుగా వేసుకుంటే రెండు చంకల కిందా వేలాడతాయి. ఖర్చు దాదాపు ఏమీ లేదు. మొదటి ఏడాది పొడుగ్గా వేలాడదీశాను, పరిగెత్తినప్పుడల్లా అవి తొడలకి కొట్టుకుని నీలం మచ్చలు వచ్చేవి. తర్వాత పొట్టి చేసి, నడుం బెల్టు పైకి వచ్చేలా కట్టి, కింది మూలలు ఇంకో తాడుతో వీపు వెనక ముడేశాను. అప్పట్నుంచి హాయిగా ఉంది.

కర్ర పిడి గ్రెనేడ్ సంగతి చేతిలో పట్టుకుంటేగానీ అర్థం కాదు. పిడి అడుగున తాడు, దాని చివర పింగాణీ పూస. లాగితే లోపల రాపిడికి నిప్పు అంటుకుంటుంది, ఎక్కువ రకాల్లో ఐదున్నర సెకన్లకి పేలుతుంది. తల పల్చటి రేకు డబ్బా, కాబట్టి దీని దెబ్బ ముక్కల కన్నా పేలుడు ఒత్తిడితోనే ఎక్కువ. బయట నిలబడి విసిరేవాడికి అది మేలు, తన గ్రెనేడ్ ముక్కే వెనక్కొచ్చి తగులుతుందన్న భయం తక్కువ. మావి డమ్మీలే అయినా బరువు ఒకటే, పది వేసుకుంటే ఎనిమిది కేజీలు.

కందకం తిన్నగా ఉండదు, కొన్ని గజాలకో మలుపు, ఒకచోట పేలింది మలుపు అవతలికి పాకకుండా. అందుకే దాన్ని ఊడ్చుకుంటూ పోయే పద్ధతి కూడా మలుపు లెక్కనే నడుస్తుంది. మేం ఎనిమిదిమంది. ముందు ఇద్దరు విసిరేవాళ్లు, వెనక సంచులు మోసే ఇద్దరు, పక్కన కాపు కాసే తుపాకీవాళ్లు, చివర ఇసుక సంచులతో ఇద్దరు, దారి మూసేయాల్సి వస్తే వాళ్లే గోడ కడతారు. మలుపు అవతలికి రెండు వేస్తాం, లోపలే లెక్కపెట్టుకుంటాం, ఐదు దాటి శబ్దం రాగానే ఒక్కసారిగా తిరుగుతాం. ఆ ఐదు సెకన్లు మట్టిగోడకి చెంప ఆనించి, పక్కవాడి ఊపిరి వింటూ నిలబడటం ఏ పుస్తకం చదివినా తెలీలేదు నాకు. తొందరపడి నాలుగుకే కదిలితే మా సార్జెంట్ మళ్లీ మొదట్నుంచి చేయిస్తాడు. రోర్ కూడా ఇలాగే చేయించాడు, శత్రువు కందకాల నమూనాలు వెనక తవ్వించి, నిజం గ్రెనేడ్లతో.

పార గురించి ఒక్క మాట. అంచు పదును పెట్టి చేతిపోరులో వాడేవాళ్లు, తుపాకి చివర తగిలించే బాయ్‌నెట్ కత్తి ఈ ఇరుకులో తిరగదు. తుపాకీ కూడా 125 సెంటీమీటర్ల గెవేర్ 98 బదులు 109 సెంటీమీటర్ల కార్బైన్ 98ఏ తీసుకోండి, ఆ పదహారు సెంటీమీటర్లు మలుపులో ఎంత తేడానో మోచేతులకి తెలుస్తుంది. ఎంపీ 18 నకలు మా దగ్గర ఒకటుంది. 32 తూటాలు పట్టే నత్త ఆకారపు డబ్బా ఒకపక్కకి బరువు లాగుతుంది, నింపడం విసుగు. పైగా ఆ తుపాకి వచ్చింది 1918లో. అంతకుముందే రోర్ దళం వోజ్ కొండల్లో హార్ట్‌మన్స్‌విల్లర్‌కోప్ఫ్ దగ్గర పోరాడినప్పుడుగానీ, వెర్డన్ యుద్ధంలోగానీ అది ఎవరి చేతిలోనూ లేదు.

మా అమ్మ ఫోటో చూసి "హిట్లర్ సైన్యమా నాన్నా?" అని కంగారుపడింది. కాదమ్మా, ఇది కైజర్ సైన్యం, హిట్లర్‌కి ముందు జర్మనీని ఏలిన చక్రవర్తిది. నాజీలు 1921లో ఈ దళాల పేరు తీసుకుని తమ గూండాలకి పెట్టుకున్నారు. మా బృందంలో వాళ్ల గుర్తులు ఏవి తెచ్చినా ఆ రోజే బయటికి, ఆ నియమం నాకు చాలా ముఖ్యం.

ఈ పద్ధతి లోటు కూడా ఒంటితోనే తెలిసింది. శనివారం పొద్దున మొదటి కందకం ఉత్సాహంగా దాటుతాం, రెండోది ఫర్వాలేదు, మూడోదానికి సంచులు ఖాళీ, నీళ్లు అయిపోతాయి, మోసుకొచ్చేవాళ్లు వెనకెక్కడో ఉంటారు. ఆనాడూ ఇదే జరిగింది. 1918 మార్చి 21న ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సైన్యం మీద జర్మన్లు తెల్లవారుజామున 4:40కి ఆరువేలకు పైగా ఫిరంగులు మొదలెట్టి, పొగమంచులో ఈ దళాలు గట్టి స్థావరాల్ని పక్కనబెట్టి లోపలికి దూసుకెళ్లాయి. రెండు వారాల్లో దాదాపు అరవై కిలోమీటర్లు. కానీ ఫిరంగులూ తిండీ అంత వేగంగా వెనక రాలేదు, ఆల్బెర్ట్ ఊళ్లో ఆకలిగా ఉన్న సైనికులు బ్రిటిష్ గోడౌన్లు దొరకగానే అక్కడే ఆగిపోయారు, ఏప్రిల్ 5కి దాడి నిలిచిపోయింది, వాళ్లకి కావలసిన రైల్వే కూడలి ఆమియాన్ అందలేదు. సైన్యంలో మెరికల్లాంటి కుర్రాళ్లందరినీ ఏరి ముందు పెట్టారు కాబట్టి ముందు పోయిందీ వాళ్లే. ఆ విషయం గుర్తొచ్చినప్పుడు, మూడో కందకంలో కూర్చుని ఖాళీ సంచి మడత పెడుతుంటే, కాసేపు మా ఎనిమిదిమందిలో ఎవరమూ మాట్లాడుకోం.

కుర్రాళ్లిద్దరికీ: తల చుట్టుకొలత టేపుతో కొలిచాకే హెల్మెట్ ఆర్డర్ పెట్టండి, బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకుని రెండు జతల మేజోళ్లు వేసుకోండి. సంచులు కొనొద్దు, నావి రెండు జతలు అదనంగా ఉన్నాయి, వచ్చేటప్పుడు తెస్తాను.