1972 షెవ్రొలే సి-10కి స్టెప్నీ స్టాండు: ఆరేళ్లు వాడాక

మేముండేది డాలస్ దగ్గర. నా పికప్ 1972 షెవ్రొలే సి-10, ఫ్లీట్‌సైడ్ బాడీ (అంటే పక్కలు నున్నగా ఉండి చక్రపు గూళ్లు తొట్టి లోపలికి వచ్చే రకం), వెనక సామాను వేసే తొట్టి ఎనిమిదడుగులు. ఆ తొట్టిలో స్టెప్నీని నిలువుగా బిగించే స్టాండు పెట్టించి ఆరేళ్లయింది. ముప్పై వేల మైళ్లు తిరిగాను, రెండుసార్లు రోడ్డు మీద దాని అవసరం పడింది. ఇలాంటి పాత బండి మీద ప్రేమ ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఈ బండికి స్టెప్నీ అసలు చోటు తొట్టి కింద, వెనక ఇరుసు దాటాక. ఇనప చట్రం ఒకవైపు ఛాసిస్‌కి తగిలించి ఉంటుంది, రెండోవైపు పొడవాటి బోల్టు, నట్టు. తొట్టిలో అంగుళం చోటు కూడా పోదు కాబట్టి నాకూ మొదట్లో అదే నచ్చింది. 2018 జులైలో అమరిల్లో అనే ఊరికి వెళ్తుంటే 287 హైవే మీద చిల్డ్రెస్ ఊరు దాటాక వెనక టైరు పంక్చరైంది. కిందకి దూరి చూస్తే ఆ నట్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మిట్టమధ్యాహ్నం, కాలిపోతున్న కంకర, పిల్లలు బండి నీడలో కూర్చున్నారు. దారిన పోతున్న ఒక రైతు ఆగి, తుప్పు వదిలే నూనె కొట్టి, స్పానర్‌కి పొడవాటి పైపు తొడిగి విప్పేదాకా రెండు గంటలు పట్టింది. అంత టెన్షన్ నేను ఆ బండితో ఎప్పుడూ పడలేదు.

ఆ చలికాలం నాన్న వచ్చారు. ఆయన ఇరవై ఏళ్లు లారీ నడిపిన మనిషి. కొత్త బోల్టు వేసి గ్రీజు రాశానని చూపిస్తే, కిందకి వంగి చూసి, "టైరు కూర్చుంటే బండి ఇంకా కిందకి దిగుతుంది కదరా, అప్పుడెలా దూరతావు? స్టెప్నీ అన్నాక ఒక్క మనిషి, చీకట్లో, వానలో విప్పుకోగలగాలి" అన్నారు. ఆ మాటే కొలతగా పెట్టుకున్నాను.

ఇంకో కారణం కూడా కలిసొచ్చింది. 1967 నుంచి 1972 దాకా వచ్చిన ఈ బండ్లలో పెట్రోలు ట్యాంకు క్యాబ్ లోపల, సీటు వెనకే ఉంటుంది. 1973 మోడల్‌తో దాన్ని బయటికి మార్చారు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేవాణ్ని, ఆ వాసన పీలుస్తూ ఎన్నాళ్లు? చాలామంది చేసినట్టే నేనూ పాత బ్లేజర్ (షెవ్రొలే వాళ్లదే జీపులాంటి బండి) తరహా ట్యాంకు తెచ్చి వెనక ఛాసిస్ మధ్యలో పెట్టించాను. అది సరిగ్గా స్టెప్నీ ఉండే చోటే. ట్యాంకు మార్చాలనుకునేవాళ్లు స్టెప్నీ సంగతి ముందే తేల్చుకోండి.

2019లో వెల్డింగ్ షాపులో స్టాండు చేయించాను. పావు అంగుళం ఉక్కు పలక, దానికి మూడు స్టడ్లు, అంటే నట్టు బిగించడానికి బయటికి పొడుచుకొచ్చిన మరలున్న కడ్డీలు. స్టడ్లు చక్రానికి ఉన్నవాటి సైజే వేయించమని గట్టిగా చెప్పాను. దానివల్ల చక్రం విప్పే స్పానరే స్టాండుకీ సరిపోతుంది, వీల్ నట్టు ఒకటి పోయినా స్టాండు నుంచి తీసి వాడుకోవచ్చు. ఈ ఒక్క నిర్ణయానికి ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

నా తొట్టి నేల చెక్క పలకలది, మధ్యలో ఉక్కు పట్టీలు. చెక్కకి ఉత్త బోల్టు వేసి వదిలేస్తే గతుకుల్లో చీలిపోతుంది. కింద అడ్డ దూలం ఉన్నచోట చూసి, అడుగున వెడల్పాటి పలక పెట్టి బిగించాను. చెక్క నొక్కుకుపోతుంది కాబట్టి నెల తర్వాత మళ్లీ బిగించాలి, నాకు అర చుట్టు పైనే తిరిగింది. పక్క గోడ రేకుకి మాత్రం ఒక్క బోల్టూ వేయలేదు. యాభై ఏళ్ల రేకుని తొలవడానికి మనసొప్పలేదు, అది అంత బరువు ఆపలేదు కూడా. టైరు అడుగు మందపాటి రబ్బరు ముక్క మీద ఆనేలా పెట్టాను. బరువు నేల మోస్తుంది, స్టడ్లు పడిపోకుండా పట్టుకుంటాయంతే. చప్పుడు లేకపోవడానికి కారణం ఆ రబ్బరే.

ఏ పక్కన పెట్టాలన్నది చాలామంది ఆలోచించరు. ఇక్కడ వాహనాలు మన ఎడమ పక్కనుంచి దూసుకుపోతాయి కాబట్టి నేను కుడివైపు, క్యాబ్ వెనకే పెట్టాను. రోడ్డు అంచున నిలబడి టైరు దించుకోవచ్చు. మన ఊళ్లో అయితే ఎడమవైపు పెట్టుకోవాలి. పొడవు తొట్టిలో ముందు గోడకీ చక్రపు గూడుకీ మధ్య 235/75ఆర్15 టైరు ఇరుగ్గా పడుతుంది. పొట్టి తొట్టి అయితే కొలవకుండా కొనొద్దు. గూడు కంటే టైరు అంగుళం ముందుకొస్తుంది, అయినా నాలుగడుగుల ప్లైవుడ్ షీటు నాకు ఇబ్బంది లేకుండా దూరుతోంది.

చక్రం విషయంలో దెబ్బతిన్నాను. పాత సామాన్ల దుకాణంలో "షెవ్రొలేదే, ఐదు నట్లదే" అని ఇస్తే తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి పెడితే పట్టలేదు. అది నాలుగుముప్పావు అంగుళాల వృత్తం మీద రంధ్రాలున్న కారు చక్రం. 1971 నుంచి సి-10కి కావలసింది ఐదు అంగుళాలది, అంటే 127 మిల్లీమీటర్లు. 1970 దాకా వచ్చిన సి-10లకైతే ఆరు నట్లు. స్టెప్నీ చక్రాన్ని స్టాండుకి బిగించేలోపే, ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ ఒకసారి ఎక్కించి, తిప్పి చూడండి. 1971లో ముందు డిస్క్ బ్రేకులు వచ్చాయి, పాత చక్రాలు కొన్ని ఆ క్యాలిపర్‌కి (డిస్క్‌ని నొక్కి పట్టే భాగానికి) తగులుతాయి.

ఇక లోపాలు. టెక్సస్ ఎండ టైరుని తినేస్తుంది. నాలుగో ఏడు పైవైపు గోడ మీద సన్నని పగుళ్లు కనిపించాయి. ఒక్క మైలు తిరగని టైరు పారేయడం బాధే, కానీ పారేశాను. టైరు గోడ మీది కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి, అవి చూసే కొత్తది కొన్నాను. గుడ్డ తొడుగు వేస్తే తేమ పట్టి చక్రం లోపల తుప్పు మొదలైంది. ఇప్పుడు అడుగున రంధ్రాలున్న వినైల్ తొడుగు వాడుతున్నాను, అది బాగుంది. దొంగల భయానికి ఒక నట్టు తాళంది వేశాను, దాని తాళం గ్లవ్ బాక్సులోనే ఉంటుంది. స్టాండు, నట్లు, రబ్బరు కలిపి 140 డాలర్లయింది.

పోయిన ఏడాది వెర్నన్ దగ్గర రాత్రి తొమ్మిదింటికి, సన్నటి వానలో మళ్లీ పంక్చరైంది. తొట్టి నిండా సామాను ఉంది. పక్క గోడ మీదుగా వంగి మూడు నట్లు విప్పి, టైరు అంచు మీదుగా దించాను. బరువే, ఇరవై కిలోల పైన ఉంటుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లకి ఇది కష్టం, వాళ్లు తోడు మనిషి ఉంటేనే దించాలి. జాకీ ఎత్తి, మార్చి, మళ్లీ బయలుదేరేసరికి ఇరవై ఐదు నిమిషాలు. హోటల్ చేరాక నాన్నకి ఫోన్ చేశాను. "గాలి ఎంతుంది అందులో?" అని అడిగారు. ముప్పై ఐదు ఉందని చెప్పాను. ప్రతి నెలా ఒకటో తారీఖున చూస్తాను.