డైనోసార్ల క్యూ సంగతి తర్వాత, ముందు తలెత్తి చూడండి

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంకి మా అబ్బాయి డైనోసార్ల కోసం వచ్చాడు, అమ్మ మాకోసం వచ్చింది. చివరికి ఎక్కువ చూసింది అమ్మే.

ముందు బస సంగతి. మొదటి రెండు రాత్రులు ఎర్ల్స్ కోర్ట్‌లో ఒక చిన్న హోటల్ తీసుకున్నాం. మ్యూజియం ఉన్న సౌత్ కెన్సింగ్టన్ అక్కడికి రెండో స్టేషనే, హీత్రూ నుంచి పికడిల్లీ లైన్‌లో నేరుగా వచ్చేయొచ్చు. అంతవరకు బాగుంది. గది మూడో అంతస్తులో, లిఫ్ట్ పనిచేయదు, సూట్‌కేసు తెరిస్తే మంచం మీదుగా నడవాలి. అమ్మ మోకాళ్లు చూసి మూడో రోజు ఈస్ట్ హామ్‌లో బావగారింటికి మారిపోయాం. దూరమే, కానీ డిస్ట్రిక్ట్ లైన్‌లో రైలు మారకుండా వెళ్లొచ్చు, పైగా సాయంత్రానికి ఇడ్లీ, సాంబారు దొరుకుతాయి. పెద్దవాళ్లుంటే నా ఓటు దీనికే.

మ్యూజియం ప్రవేశం ఉచితం. టైమ్ స్లాట్ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే మంచిది. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం డబ్బులు కట్టాలి.

లోపలికి అడుగుపెట్టగానే హింట్జ్ హాల్. గుడి మండపంలోకి వచ్చినట్టుంది అంది అమ్మ. ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ అనే ఆర్కిటెక్ట్ దీన్ని రోమనెస్క్ (గుండ్రటి తోరణాలుండే పాతకాలపు యూరప్ శైలి) పద్ధతిలో కట్టాడు, 1881లో తెరిచారు. నడినెత్తిన నీలి తిమింగలం అస్థిపంజరం, 25.2 మీటర్లు, నోరు తెరిచి కిందికి దూకుతున్నట్టు వేలాడుతుంది. 1891లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ రేవు దగ్గర ఒడ్డున చిక్కుకుపోయిన తిమింగలం ఇది. 2017లో ఈ హాల్లోకి తెచ్చి 'హోప్' అని పేరు పెట్టారు. అంతకుముందు ఇక్కడుండేది 'డిప్పీ' అనే డిప్లొడోకస్ డైనోసార్, అది అసలు ఎముకలు కాదు, పోతపోసిన నమూనా. డిప్పీని తీసేశారని బాధపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే నిజమైన ఎముకలే నచ్చాయి.

అందరూ తిమింగలం దగ్గరే ఆగిపోతారు. గోడలు చూడండి. భవనమంతా కాల్చిన మట్టి పలకలే, టెర్రకోట. ఆ రోజుల్లో లండన్ అంతా బొగ్గు పొగ. మసి పట్టినా కడిగేసుకోవచ్చని ఆ పలకలు వాడారు. తోరణాల మీద కోతులు పాకుతుంటాయి, ఒక్కసారి కంటపడితే ఇక వదలవు. మా వాడు ఏడు దాకా లెక్కపెట్టి మెడ పట్టేసిందన్నాడు. మ్యూజియం తొలి పెద్ద రిచర్డ్ ఓవెన్ పట్టుబట్టి జంతువులను రెండు జట్లు చేయించాడు. పడమటి రెక్కలో బతికున్న జాతుల బొమ్మలు, తూర్పు రెక్కలో అంతరించిపోయినవి. అది తెలిశాక బయటికొచ్చి ముఖద్వారం మళ్లీ మొదటి నుంచి చూశాను.

పైకప్పులో 162 పలకల మీద మొక్కల బొమ్మలు, బంగారు పూతతో. మెట్ల మీద డార్విన్ విగ్రహం పక్కన నిలబడి అమ్మ ఫోన్ జూమ్ చేసి చూసింది. "ఒరేయ్, ఈ ఆకు పొగాకులా ఉందే!" మాది గుంటూరు జిల్లా, ఆ విషయంలో ఆమె పొరపడదు. పత్తి, తేయాకు, పొగాకు: ఇంగ్లీషువాళ్ల సామ్రాజ్యానికి డబ్బులు తెచ్చిన పంటలు కూడా కప్పు మీదికి ఎక్కాయి. మన పొలాలు బంగారం పూసుకుని వేలాడుతున్నట్టనిపించింది.

డైనోసార్ల గ్యాలరీ? తోసుకునే జనం, కదిలే టి.రెక్స్ బొమ్మ ముందు పిల్లల కేకలు. ఇరుకు, చీకటి. మా వాడికి పండగ, నాకు పది నిమిషాలు చాలు. ఎక్సిబిషన్ రోడ్ వైపు ద్వారం దగ్గరున్న స్టెగోసారస్ 'సోఫీ' ఇంకా బాగుంది. దాదాపు పూర్తి ఎముకలున్న అస్థిపంజరం, చుట్టూ తిరిగి చూసేంత చోటు. హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో కోటసారస్ డైనోసార్‌ని చూసిన వాళ్లకు ఆ సావకాశం విలువ తెలుస్తుంది.

ఖనిజాల గది చివర 'వాల్ట్' మాత్రం వదలొద్దు. అక్కడ 'ఢిల్లీ పర్పుల్ సఫైర్' అనే ఊదా రాయి ఉంది. పేరుకే సఫైర్ (నీలమణి), అసలు అమెథిస్ట్ అనే వేరే రాయి. 1857 తిరుగుబాటు నాడు కాన్పూర్‌లో ఇంద్రుడి గుడి నుంచి దోచుకొచ్చారనీ, ఉంచుకున్నవాళ్లందరికీ శని పట్టిందనీ కథ. అమ్మకి చదివి చెప్పాను.

"శని పట్టిందని తెలిసినా తిరిగివ్వలేదూ?" అంది.

మోకాళ్లు నొప్పంటే బల్ల మీద కూర్చోబెట్టాను. ఆవిడ చూపు మళ్లీ ఆ రాయి మీదికే పోయింది.