గల్ఫ్ ఉద్యోగాల కన్సల్టెన్సీ: కట్టిన లక్షా నలభై వేలకు దక్కినదేమిటి

శ్రీకాకుళం పట్టణంలోని ఒక కన్సల్టెన్సీ ద్వారా మా మేనల్లుడు సౌదీ వెళ్లాడు. ఫిర్యాదు పోలీసుల దగ్గర ఉంది కాబట్టి ఆఫీసు పేరు రాయడం లేదు. వాళ్ల సేవ ఎలా ఉందో, డబ్బు కట్టే ముందు ఏ కాగితంలో ఏ గడి చూడాలో మాత్రం వివరంగా చెబుతాను. సోంపేట దగ్గర నాకు వెల్డింగ్ షెడ్డు ఉంది. అంతకుముందు సౌదీలోని జుబైల్‌లో పైపు వెల్డరుగా పనిచేశాను. మంచి కంపెనీ మనిషిని ఎలా చూసుకుంటుందో నాకు తెలుసు.

ముందు బాగున్న సంగతులు. ఆఫీసు శుభ్రంగా ఉంది, మాటతీరు మర్యాదగా ఉంది. మెడికల్ సక్రమంగా చేయించారు. టికెట్ చెప్పిన రోజుకే చేతికి వచ్చింది. ట్రేడ్ టెస్టులో మా వాడి చేత నిజంగానే ఆర్గాన్ వెల్డింగ్ చేయించి, అతుకు తిప్పి చూసి మెచ్చుకున్నారు. ఆ మెప్పుతోనే మా అక్కకు నమ్మకం కుదిరింది. మా ఉద్దానం ప్రాంతంలో తిత్లీ తుఫాను 2018లో కొబ్బరి తోటలు కూల్చేశాక, కొడుకును బయటికి పంపడం తప్ప దారి కనిపించని ఇళ్లు చాలా ఉన్నాయి. మా అక్క ఇల్లు అందులో ఒకటి.

ఇక డబ్బు. విదేశీ ఉద్యోగాలకు పంపే రిజిస్టర్డు ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. వీళ్లు తీసుకున్నది 1,40,000. రసీదు మాత్రం ముప్పై వేలకే రాశారు. మిగతాది నగదు, దానికి చెప్పిన పేరు ‘వీసా ఖర్చు’. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము అది. కుర్రవాడు విమానం ఎక్కకముందే నెలకు 4,200 రూపాయల వడ్డీ వాడి నెత్తిన కూర్చుంది.

అసలు మోసం వీసాలో ఉంది. వీసా కాగితంలో వృత్తి అనే గడి ఉంటుంది, అరబిక్‌లో రాస్తారు. చేతికిచ్చిన అగ్రిమెంటులో ‘వెల్డర్, 1,800 రియాళ్లు’ అని ఉంటే, ఆ గడిలో ‘ఇంటి పనివాడు’ అని ఉంది. ఈ తేడా చిన్నది కాదు. సౌదీలో 2021 మార్చి నుంచి కంపెనీ ఉద్యోగులు కొన్ని షరతుల మీద కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చు, దేశం వదిలి రావచ్చు. ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు, గొర్రెల కాపరులకు ఆ మార్పులో ఈ వెసులుబాటు ఇవ్వలేదు. అంటే ఆ ఒక్క గడి మా వాడిని ఇంకా తాళం తీయని గదిలోకే పంపింది. వాడు పదో తరగతి పాసైనవాడు కాబట్టి మన వైపు ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే పనికి విదేశం వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, అవసరం రాలేదు. అగ్రిమెంటునూ వీసానూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

దిగిన రోజే పాస్‌పోర్టు తీసేసుకున్నారు. ఇది సౌదీ నిబంధనలకే విరుద్ధం. ఊరికి దూరంగా ఖర్జూర తోటలో నీళ్లు పెట్టడం, గొర్రెలకు మేత వేయడం, రాత్రి జనరేటరు దగ్గర కాపలా. వెల్డింగ్ అద్దాలు పెట్టె అడుగునే ఉండిపోయాయి. మొదటి నెల 900 రియాళ్లు ఇచ్చి, తరువాత ఆపేశారు. ‘ఇంటికి పోతాను’ అంటే, ‘నిన్ను తెచ్చుకోవడానికి ఎనిమిది వేల రియాళ్లు పోశాను, కట్టి వెళ్లు’ అన్నాడట కఫీల్. పారిపోతే ‘హురూబ్’, అంటే పనివాడు పారిపోయాడనే ఫిర్యాదు, పెడతానన్నాడు. అది పడితే పోలీసులకు దొరికిన చోట అరెస్టే.

మనిషిని మనిషి సొంతం చేసుకోవడం ఖతర్‌లో 1952లో, సౌదీలో 1962లో, ఒమన్‌లో 1970లో చట్టప్రకారం రద్దయింది. బ్రిటిష్ వాళ్లు 1833లో తమ వలసల్లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం తెచ్చి, మరుసటి ఏడాదే మారిషస్ చెరకు తోటలకు మన దేశపు కూలీలను ఐదేళ్ల ఒప్పందాల మీద ఓడలెక్కించారు. ఆ తరువాత అలా వెళ్లినవారిలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లూ ఉన్నారు. యాజమాన్య హక్కు పోయినా అప్పూ ఒప్పందమూ ఆ పనే చేసిపెట్టాయి. అందుకే మన 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం మీద నాకు గౌరవం. అది మనిషిని విడిపించి ఊరుకోలేదు, అతని మెడకు చుట్టిన అప్పునే రద్దు చేసింది. పాలేరుతనాన్ని, వెట్టిని పేరుపెట్టి చెప్పింది. మా తాత ఒక కామందు దగ్గర తెచ్చిన ధాన్యం బాకీకి ఏళ్ల తరబడి పాలేరుగా ఉన్నాడు. ఆయన మనవరాలి కొడుక్కి అదే బాకీ రియాళ్లలో ఎదురైంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో ప్రకటించిన అంచనా ప్రకారం, 2021లో బలవంతపు చాకిరిలో ఉన్నవారు 2.76 కోట్ల మంది. ఆ సంస్థ చెప్పిన 11 గుర్తుల్లో మోసం, గుర్తింపు పత్రాలు లాక్కోవడం, జీతం ఆపడం, అప్పుతో కట్టేయడం, ఒంటరిగా ఉంచడం ఉన్నాయి. మా వాడి విషయంలో ఈ ఐదూ జరిగాయి. మొదటిది శ్రీకాకుళంలోనే జరిగింది.

విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. రియాద్‌లోని మన రాయబార కార్యాలయం పట్టించుకుంది, అక్కడి తెలుగువాళ్లు వెంట నిలిచారు. చివరికి ఎగ్జిట్ (దేశం వదిలే అనుమతి) దొరికి వాడు ఇల్లు చేరాడు. డబ్బు అడగడానికి కన్సల్టెన్సీకి వెళ్తే, ‘గురువు గారూ, వీసా ఇచ్చాం, మనిషిని పంపాం, మా పని అయిపోయింది’ అన్నారు. మనిషిని అప్పగించడమే తమ పని అని వాళ్లే చెప్పుకున్నట్లయింది. రసీదు ఉన్న ముప్పై వేలు తిరిగి ఇచ్చారు. మిగతా లక్షా పదివేలకు మా అక్క ఇంకా వడ్డీ కడుతోంది.

ఈ ఆఫీసుకు వెళ్లకండి. ఏ ఆఫీసుకు వెళ్లినా ముందు విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు వెతకండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు పట్టండి. నగదు అడిగితే లేచి వచ్చేయండి. వీసా కాగితం రాగానే అరబిక్ వచ్చినవాళ్ల చేత వృత్తి గడి చదివించుకోండి. గల్ఫ్‌లో ఉండి వచ్చినవాళ్లు ఉద్దానంలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. సోంపేట వైపు ఎవరైనా కాగితం తీసుకుని నా షెడ్డుకు వస్తే నేనే చదివి పెడతాను. విమానం టికెట్ రాకముందే రండి.