డాబా మీద 3 కిలోవాట్ల సోలార్: పలకలకు మెప్పు, ఇన్వర్టరుకు అక్షింతలు

పలకల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టరు గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైన్లకు కలిపినది, బ్యాటరీ లేదు. పలకలకు వంక పెట్టలేను. అయితే 3 కిలోవాట్లు అన్నది పలక 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ప్రయోగశాలలో కొలిచిన లెక్క. వేడెక్కేకొద్దీ ఒక్కో డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పడిపోతుంది. అందుకే ఇన్వర్టరు తెర మీద మండుటెండలో 2.4 దాటితే గొప్ప. చల్లగాలి వీచే నిర్మలమైన రోజున మాత్రం అంకె చకచకా పైకి పాకుతుంది.

నా అలకంతా ఇన్వర్టరు మీదే. కరెంటు పోతే, నడినెత్తిన సూర్యుడున్నా ఇదీ ఆగిపోతుంది. మన కరెంటు వీధి లైన్లలోకి వెళ్లి వాటి మీద పనిచేసేవారికి షాక్ కొట్టకుండా పెట్టిన రక్షణ అది, సబబే. కానీ అమ్మిన పెద్దమనిషి ఆ ముక్క చెబితే ఆయన సొమ్మేం పోయేది? కోతలకు భయపడి కొనేవారు బ్యాటరీ తగిలించే హైబ్రిడ్ రకమే అడగండి.

నీళ్ల మోటారు, బట్టలుతికే యంత్రం, ఇస్త్రీ అన్నీ పగటికి మార్చాం. మూడూ ఒకేసారి వేస్తే తెర మీద బాణం తిరగబడి గ్రిడ్ నుంచి లాగడం మొదలవుతుంది, కాబట్టి ఒకటయ్యాకే మరొకటి. దుమ్ము కడగడం తెల్లవారుజామునే. కాలిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.