అలీ షేర్ గెలిచిన పోటీ చూద్దామని బావతో ఢిల్లీ వెళ్ళాం

ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ పోటీ చూడటానికి ఢిల్లీ పక్కనున్న గుర్‌గావ్ వెళ్ళేవాళ్ళు అక్కడ గెస్ట్‌హౌస్ మాత్రం తీసుకోవద్దు. మేం తీసుకుని బాధపడ్డాం.

మా బావది పరకాల దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళప్పుడు సికింద్రాబాద్‌లో క్యాడీగా చేరాడు, అంటే గోల్ఫ్ ఆడేవాళ్ళ బ్యాగులు మోసే పని. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1991లో, అలీ షేర్ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆయన కూడా ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైనవాడే. 1993లో మళ్ళీ గెలిచాడు. ఇప్పుడు హనుమకొండలో కిరాణా కొట్టు నడుపుతున్నా, ఆ పోటీ పేరెత్తితే బావ చేతిలో పని ఆగిపోతుంది. "ఒక్కపారన్న సూడాలె" అని ఏళ్ళ తరబడి అంటుంటే 2025 మార్చిలో తీసుకెళ్ళాను. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు పొద్దున న్యూఢిల్లీలో దిగాం. ప్రయాణం హాయిగా గడిచింది.

గెస్ట్‌హౌస్ రోజుకు 1,800 అని ఫోన్‌లో బుక్ చేశాను. తీరా వెళ్ళాక కౌంటర్‌లో కుర్రాడు 2,900 అన్నాడు. టోర్నమెంట్ రద్దీ అట. లిఫ్ట్ పనిచేయదు, గది నాలుగో అంతస్తు, బావకు మోకాళ్ళ నొప్పులు. కిటికీ లేదు. వేడినీళ్ళ బకెట్‌కు 50 వేరే. నేను గొడవ పెట్టుకుంటుంటే బావ నా చెయ్యి పట్టుకుని కౌంటర్ వెనక బోర్డు చూపించాడు. ఇరవై రెండు గదులకు పందొమ్మిది తాళాలు అక్కడే వేలాడుతున్నాయి. "గీ రద్దీకేనా పైసలు పెంచింది?" అని తెలుగులోనే అడిగాడు. వాడికేం అర్థమవుతుంది! అడ్వాన్స్ తిరిగి ఇవ్వనన్నాడు కాబట్టి ఆ రాత్రి అక్కడే పడుకున్నాం.

మర్నాడు మైదానంలో ఆ తాళాల బోర్డే గుర్తొచ్చింది. కోర్స్ గొప్పగా ఉంది. ఒకప్పటి గొప్ప గోల్ఫ్ ఆటగాడు గ్యారీ ప్లేయర్ డిజైన్ చేసింది, చాలా కష్టమైంది. గెలిచిన స్పెయిన్ కుర్రాడు చకారా కూడా నాలుగు రోజులు ఆడి పార్ కంటే, అంటే కోర్స్‌కు లెక్కగట్టిన దెబ్బల కంటే, నాలుగు స్ట్రోకులే తగ్గించగలిగాడు. కానీ చూసేవాళ్ళేరీ? ఒక గ్రీన్ దగ్గర, అంటే బంతి వేసే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి దగ్గర, మాతో కలిపి పద్నాలుగు మంది ఉన్నాం. బ్రిటిష్ ఓపెన్ ఐదుసార్లు గెలిచిన పీటర్ థామ్సన్ 1964లో గెలిచి ప్రాణం పోసిన పోటీ ఇది. కోల్‌కతా క్లబ్‌లో గడ్డి చూసుకునే పనివాడి కొడుకు చౌరాసియా 2016, 2017లో వరుసగా గెలిచాడు. కరోనా వల్ల 2020 నుంచి మూడేళ్ళు జరగనే లేదు. ఇప్పుడు పెడుతున్నది మార్చి నెలాఖరున. రెండు వారాల్లో అమెరికాలో మాస్టర్స్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ ఉంటే పెద్ద ఆటగాళ్ళు ఇంత దూరం ఎందుకొస్తారు? దేశం పేరు పెట్టుకున్న పోటీకి తేదీ కూడా మంచిది దొరకదా అని నాకు కడుపు మండింది. బావ మాత్రం రోజంతా ఆటగాళ్ళను వదిలి క్యాడీలనే చూశాడు. ఎవరు గాలి ఎలా చూస్తున్నారు, ఏ క్లబ్, అంటే ఏ కర్ర, అందిస్తున్నారు అని.

రెండో రాత్రికి మాలవీయ నగర్‌కు మారాం. గది 1,700, కిటికీ ఉంది, మెట్రో నడిచేంత దూరం. సికందర్‌పూర్‌లో దిగి రాపిడ్ మెట్రో మారితే గోల్ఫ్ కోర్స్ రోడ్డు మీదికి తీసుకెళ్తుంది. ఆటోలకు 350, 400 పోయడం కంటే ఇదే నయం. ఆఖరి రోజు ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పు, గోంగూర, వేడన్నం తిన్నాకే బావ మనసారా నవ్వాడు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

అదే ఏడు అక్టోబర్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో కొత్త పోటీ పెట్టారు. ఇండియన్ ఓపెన్ ప్రైజ్‌మనీ 22.5 లక్షల డాలర్లయితే దీనికి 40 లక్షలు. ఆ ఏడు మాస్టర్స్ గెలిచిన మెక్‌ఇల్‌రాయ్ వచ్చాడు, ఇంగ్లండ్ ఆటగాడు ఫ్లీట్‌వుడ్ గెలిచాడు. కొట్లో ఫోన్‌లో చూస్తున్నాం, ఎటు చూసినా జనమే. బావ సౌండ్ తగ్గించి, "అలీ షేర్ గెలిచింది గిక్కడనే" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మార్చి వస్తే మళ్ళీ ఇండియన్ ఓపెన్‌కే పోదామంటున్నాడు. గది మాత్రం మాలవీయ నగర్‌లోనే.