పోర్టు పనిలో భద్రత: తనిఖీ మేలా, కంపెనీ పద్ధతి మేలా, అందరూ కలిసి కూర్చోవడం మేలా?

"అన్నా, మావాడు పోర్టులో పనికి పోతానంటున్నాడు. గవర్నమెంటు పోర్టు భద్రమా, ప్రైవేటుదా?" కడపలో, కోడూరులో, ఓబులవారిపల్లెలో నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ముగ్గురాయి (బెరైటీస్ అనే బరువైన ఖనిజం) లోడింగు పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి అడుగుతారు. పోయిన నెల మా అక్క కొడుకూ అడిగాడు. పోర్టు ఎవరిదన్నది నాకు రెండో విషయం. అక్కడ భద్రతను ఎవరు, ఎలా చూస్తున్నారన్నదే మొదటిది.

ముందు ప్రభుత్వ తనిఖీ సంగతి. ఓడరేవు కార్మికుల కోసం 1986లో చట్టం, 1990లో దాని నిబంధనలు వచ్చాయి. క్రేను లాంటి బరువులెత్తే యంత్రాలను అయిదేళ్లకొకసారి బరువు పెట్టి పరీక్షించాలి, ఏడాదికొకసారి పూర్తిగా చూడాలి. చెన్నైలాంటి మేజర్ పోర్టు కేంద్రం కిందికి వస్తుంది, కృష్ణపట్నంలాంటిది రాష్ట్రం కిందికి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తిభద్రత కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. తనిఖీకి ఉన్న బలం అధికారం. ప్రమాదం ఉందనిపిస్తే పని ఆపించగలరు. ఆ శక్తి ఇంకెవరికీ లేదు, దాన్ని తక్కువ చేయను. కానీ తనిఖీ అధికారి వచ్చేది ఏదో ఒక రోజు. ఓడ నిండేది రాత్రీ పగలూ.

కంపెనీ సొంత పద్ధతి రోజూ ఉంటుంది. హెల్మెట్లు, సీసీ కెమెరాలు, షిఫ్టుకు ముందు అయిదు నిమిషాల మాటలు, పని భద్రతకు ఇచ్చే ఐఎస్ఓ 45001 సర్టిఫికెట్. మంచి కంపెనీలో ఇవన్నీ నిజంగానే పనిచేస్తాయి. ఇబ్బందల్లా గ్యాంగు, అంటే కూలీల జట్టు, కాంట్రాక్టరుది కావడం. జరగబోయి తప్పిపోయిన ప్రమాదాన్ని చెబితే రేపు పనికి పిలుస్తారో లేదోనన్న టెన్షన్ కూలీకి ఉంటుంది. అందుకే చెప్పడు. బయటి కన్సల్టెంటుతో ఆడిట్ చేయించుకోవడం అనే దారి కూడా ఉంది. వాళ్లు రిపోర్టు ఇచ్చి వెళ్లిపోతారు, అంతే.

నా అభిప్రాయం మారింది ఒక రేవులో కళ్లారా చూసినదాని వల్ల. ముగ్గురాయి పొడి నింపిన జంబో బ్యాగును, అంటే టన్ను పట్టే పెద్ద సంచిని, క్రేను ఎత్తుతోంది. ఉన్నట్టుండి హుక్కు తగిలించే పట్టీల్లో ఒకటి, మేం చెవి అంటాం, తెగింది. సంచి ఓడ కడుపులోకి పడింది, కింద ఉన్న మనిషికి రెండు బారల దూరంలో. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాసేపు నిలబడి మళ్లీ పని మొదలుపెట్టారు. ఎవరూ ఎక్కడా రాయలేదు.

ఆ సంచి ఎందుకు తెగింది? క్రేను కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. హుక్కూ బాగానే ఉంది. తప్పు సరుకు పంపే మా పక్క నుంచే పోయింది. ముగ్గురాయి నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. ఒక టన్నుకని కుట్టిన సంచిలో పొడి పోస్తే కంటికి సగమే నిండినట్టు కనిపిస్తుంది, బరువు మాత్రం అప్పటికే టన్నుకు చేరుతుంది. కంటి అంచనాతో ఇంకాస్త పోస్తే దాటిపోతుంది. ఒక్కసారి వాడే సంచి చెవులు మోయాల్సిన బరువుకు అయిదు రెట్లు తట్టుకోవాలి. నిజమే, కానీ వాటిని ఎండలో నెలలు పడేస్తే దారం చచ్చిపోతుంది. వాడిన సంచినే మళ్లీ నింపితే అసలే నమ్మకం లేదు. రేవులో క్రేను చూసే ఇన్‌స్పెక్టరుకు ముగ్గురాయి గనులున్న మంగంపేట చుట్టుపక్కల మిల్లులో సంచి ఎక్కడ పడేశారో ఎలా తెలుస్తుంది? రేవు కంపెనీ సేఫ్టీ ఆఫీసరుకు మాత్రం ఎలా తెలుస్తుంది? ఆ చెవి పీచు రేగి ఉందని తెలిసింది ఒక్కడికే, హుక్కు తగిలించిన కూలీకి.

అందుకే నా మొగ్గు మూడోదానికి. ప్రభుత్వం, రేవు యాజమాన్యం, సరుకు పంపేవాళ్లు, గ్యాంగులో పనిచేసే మనిషి ఒకే గదిలో కూర్చోవాలి. ఇది మనకు కొత్త కాదు. గనుల్లో 1958 నుంచే ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి జాతీయ భద్రతా సమావేశాలు జరుపుతున్నాయి. గనుల భద్రతా వారోత్సవాల్లో ఒక గని వాళ్లు ఇంకో గనికి వెళ్లి తప్పులు పట్టడం మన జిల్లాలో అందరూ చూసిందే. తోటి గనివాడి కంటికి దొరికేవి వేరుగా ఉంటాయి. బ్రిటన్‌లో రేవు కంపెనీల సంస్థ, అక్కడి ప్రభుత్వ భద్రతా విభాగం కలిసి ఓడరేవుల పనికి చిన్న చిన్న మార్గదర్శకాలు రాసుకున్నాయి. కంటెయినర్ల విషయంలో సరుకు పంపేవాడినీ బాధ్యుడిని చేశారు. 2016 జులై 1 నుంచి తూచిన బరువు చెప్పకపోతే కంటెయినరు ఓడ ఎక్కదు. విడిగా ఎక్కించే జంబో బ్యాగుకూ అంత పట్టింపు కావాలి.

ఉమ్మడి కమిటీకి ఒక లోపం ఉంది. టీ తాగి సంతకాలు పెట్టే కమిటీ కూడా కమిటీయే. తనిఖీ భయం వెనక లేకపోతే అది నీరుగారిపోతుంది. కొత్త కోడ్ ప్రకారం కమిటీలో కార్మికుల ప్రతినిధులు యాజమాన్యం ప్రతినిధుల కంటే తక్కువ ఉండకూడదు. ఆ కుర్చీలో సూపర్‌వైజరు కాకుండా హుక్కు తగిలించే మనిషే కూర్చున్నాడా అన్నది చూడాలి.

అక్క కొడుకుకు రెండు చోట్ల పని ఉంది. ఒక దగ్గర రోజుకూలి కాస్త ఎక్కువ. ఇద్దరు మేస్త్రీలకూ ఫోన్ చేసి ఒకటే అడగమన్నాను: "సంచి చెవి బాగాలేదని మీ గ్యాంగులో ఎవరైనా ఎత్తకుండా పక్కన పెట్టారా? అతను ఇంకా పనిలో ఉన్నాడా?" ఒకాయన ఫోన్ పెట్టేశాడు. రెండో ఆయన ఆ పని చేసినతన్ని పిలిచి ఫోన్ ఇచ్చాడు. మా అక్క కొడుకు కూలి తక్కువైనా అక్కడికే పోయాడు.