15 వేల ఫోనా, 40 వేల ఫోనా?

15,000 ఫోన్‌ని రెండేళ్లకోసారి మారిస్తే ఆరేళ్లలో మూడు ఫోన్లు, మొత్తం 45,000 రూపాయలు. 40,000 ఫోన్ ఒక్కటే ఆరేళ్లు వాడి, మధ్యలో 4,000 పెట్టి బ్యాటరీ వేయిస్తే 44,000. నెలకు 625, 611. తేడా లేనట్టే.

అసలు తేడా ఫోన్ కింద పడినప్పుడు తెలుస్తుంది. మా అమ్మ ఫోన్ అమీర్‌పేట మెట్రో మెట్ల మీద జారిపడి, డిస్‌ప్లే ఈ మూల నుంచి ఆ మూలకు సాలెగూడులా పగిలింది. తాకితే వేలికి గాజు పొడి అంటుకుంది. చౌక ఫోన్ కాబట్టి అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో 2,200తో గంటలో పనైపోయింది. ఖరీదైన ఫోన్‌కి ఒరిజినల్ డిస్‌ప్లే అంటే 10,000 దాటడం మామూలే. ఒక్క దెబ్బకు పై లెక్కంతా తలకిందులు!

అప్‌డేట్ల విషయంలో మాత్రం నా ఓటు ఖరీదైనదానికే. 2025 మార్చిలో వచ్చిన గెలాక్సీ ఏ56కి శాంసంగ్ ఆరేళ్ల అప్‌డేట్లు ఇస్తానంది. చౌక ఫోన్లలో చాలావాటికి అంతకాలం రావు. కూరగాయల బండి దగ్గర కూడా యూపీఐతోనే కడుతున్నాం, బ్యాంకు ఖాతా అంతా అందులోనే ఉంది. సెక్యూరిటీ అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్‌తో నాకైతే టెన్షనే.

అందుకే నేను ఖరీదైనది తీసుకుని మొదటి రోజే గ్లాసు, కవరు వేయించాను. అమ్మకు మాత్రం మళ్లీ 15 వేలదే కొంటాను.